బండి వెనుక క్రుంగినప్పుడు



నేను ఉద్యోగము విరమించుటకు రెండేండ్లు ముందు మా పాఠశాల స్కౌటు బాలురను తిరుపతి నుండి తలకోనకు మూడు దినముల విడిదికి తీసికొని పోయితిని. పిల్లలు బస్సులో ముందుగా పోయిరి. డేరాలు, వంట డేగిసాలు, బియ్యపు మూటలు, రెండు నీళ్ల పీపాలు ఒక చిన్న లారీ కెక్కించి, నేను డ్రైవరు ప్రక్కన కూర్చుంటిని. జలపాతమునకు నీళ్లు మోసికొనిపోయిన మా తెలివిని తలచుకొన్న నిప్పటికిని నవ్వు వచ్చును.

ముందునాటి సాయంకాలము సామాను ఎక్కింపగానే లారీ వెనుకభాగము క్రుంగినది. షెడ్డు మేస్త్రి యొకడు ఇరుసునకును కమాను కట్టకును నడుమ ఇనుప దిమ్మలు పెట్టి దానిని పైకెత్తెను. లారీ చూపునకు సమముగా నిలిచినది, నేనును సంతోషించితిని. కాని మఱునాడు భాకరాపేట కనుమ నెక్కుచుండగా నొక వంపులో స్టీరింగు తేలికయై, ముందుచక్రములు మాట వినక, లారీ లోయవైపునకు జరిగెను. డ్రైవరు నేర్పరి గనుక నిలుపగలిగెను. నా చేతులు చాలసేపు వణకినవి.

ఇట్లేల జరిగినది? మన యెద్దుబండి తోలువాడు దీని నెఱుగును. బరువు ముందున కెక్కువైన కాడి యెద్దుల మెడలపై నొత్తును. వెనుక కెక్కువైన కాడి పైకి లేచి మెడత్రాడు గొంతు బిగించును. అందుచే నతడు మూటలను ఇరుసునకు ముందువెనుకల సరిదూచికొని కాని బండి కట్టడు. లారీకి ముందుచక్రములే యెద్దులు. ఇరుసుల నడుమ 3 మీటర్ల దూరమున్న వాహనములో, వెనుక ఇరుసునకు 1 మీటరు వెనుకగా 300 కిలోల బరువుంచిన, వెనుక ఇరుసుపై 400 కిలోలు పడును. ముందు ఇరుసుపై 100 కిలోలు తగ్గును. మా పీపాలు ఒక్కొక్కటి 200 లీటర్లవి, అనగా 200 కిలోలు. రెండును తోకవైపుననే యుండెను.

ఇక కమాను సంగతి. దానిపై బరువు రెట్టింపైన క్రుంగుటయు రెట్టింపగునను నియమమును రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. కావున క్రుంగుటయే బరువునకు కొలత. ఖాళీగా నున్నప్పుడును, సామాను ఎక్కించిన పిమ్మటను చక్రము నడిమి నుండి మడ్గార్డు అంచువఱకు టేపుతో కొలిచి చూడుడు. పైని చెప్పిన వాహనము వెనుక 7.5 సెంటీమీటర్లు క్రుంగిన, దీపపు వెలుగు 40 మీటర్ల దూరమున 1 మీటరు పైకి పోవును. ఎదురు వచ్చువాని కన్నులు చెదరును. గావున ఎత్తు సరిచేయుట అవసరమే.

అయితే దిమ్మలు ఎత్తు నిచ్చును గాని బలము నీయవు. అదనపు పట్టీ బలము నిచ్చును గాని, ఖాళీ బండి ఎగిరెగిరి పడును. అప్పుడప్పుడు మాత్రమే బరువు మోయువారికి గాలితిత్తులు మేలు. బరువు వేళ గాలి నింపి, దించిన పిమ్మట తగ్గింపవచ్చును. ఏది చేసినను ఖాళీనాటి ఎత్తునకు మించి లేపరాదు; ఎత్తు పెరిగినకొలది వంపులలో ఒరుగుట హెచ్చును. కొన్ని లారీలలో వెనుక ఎత్తును బట్టి వెనుక బ్రేకు బలమును నిర్ణయించు కవాటముండును. దిమ్మలు పెట్టి దానిని సవరింపకున్న, అది బండి ఖాళీయని భ్రమించి బ్రేకును తగ్గించును.

వీనిలో నేదియు ఇరుసుల యొక్కయు టైర్ల యొక్కయు శక్తిని పెంచదు. రిజిస్ట్రేషను పత్రములోని మొత్తపు బరువే హద్దు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము దానిని మీఱరాదని శాసించుచున్నది. బయలుదేరకముందే కాటాపై ముందుచక్రములను, వెనుకచక్రములను వేఱువేఱుగా తూపించుకొనుడు.

ఆనాడు మేము పీపాల నీరు పారబోసి, బియ్యపు మూటలను డ్రైవరు గది కానించి సర్దితిమి. స్టీరింగు మరల పట్టు చిక్కినది. తలకోన చేరునప్పటికి పిల్లలు జలపాతము క్రింద తడియుచుండిరి. "అయ్యవారూ, పీపాలలో నీళ్లేవి?" అని యొకడు అడిగెను. నేను వాని తలపై పడుచున్న నీటినే చూపితిని.