తల్లికి వ్రాసిన పాట

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో మన గృహకూటములు జరిగేటప్పుడు, ప్రార్థనకు ముందు తరచుగా ఎత్తుకొనే పాట ఒకటున్నది. యేసు మనకు ఎంతటి స్నేహితుడో చెప్పి, భారమంతా ప్రార్థనలో ఆయన యొద్దకు తీసికొనిపొమ్మనే పాట అది. ఇంగ్లీషులో దానిని 'వాట్ ఎ ఫ్రెండ్ వి హావ్ ఇన్ జీసస్' అంటారు. పాట ముగిసిన తరువాత ఎవరో ఒకరు దాని కథ కూడా చెబుతారు. పెండ్లికి ముందు రోజున పెండ్లికుమార్తె నీట మునిగి చనిపోయిందనీ, ఆ దుఃఖములోనే వరుడు ఈ పాట వ్రాశాడనీ ఆ కథ. ప్రసంగాలలోను ఇదే వింటున్నాము. కథలో నిజము లేకపోలేదు. కాని సంవత్సరాలను వరుసగా పెట్టి చూస్తే అసలు సంగతి వేరుగా కనబడుతుంది. మా మట్టుకు ఆ అసలు సంగతే ఎక్కువ ఆదరణకరమైనది.

జోసఫ్ స్క్రైవెన్ గారు 1819లో ఐర్లండులోని బాన్‌బ్రిడ్జ్ దగ్గర జన్మించారు. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చేరి, మధ్యలో ఆ చదువు ఆపి, 1837లో లండను సమీపమునున్న ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలకు వెళ్లారు. ఈస్టిండియా కంపెనీ వారు మన దేశానికి పంపే సైనికాధికారులకు శిక్షణ ఇచ్చిన చోటు అదే. ఆరోగ్యము సహకరించక రెండేండ్లకే దానిని మానుకొని, తిరిగి ట్రినిటీకి వచ్చి 1842లో పట్టా పుచ్చుకున్నారు. శిక్షణ పూర్తిచేసి మద్రాసు సైన్యములో చేరి ఉంటే ఆయన సికిందరాబాదు దండుకు రాకపోయేవారా? మన మేడ్చల్ రైలు దారిలోని బొల్లారములో 1847లో కట్టిన హోలీ ట్రినిటీ దేవాలయములో ఏ బల్ల మీదనో కూర్చుండేవారేమో! ఇది మా సరదా ఊహ మాత్రమే. ప్రభువు ఆయనను వేరొక దిక్కునకు నడిపించాడు.

ఐర్లండులో ఆయనకు నిశ్చయమైన కన్య పెండ్లికి ముందు దినమున నీట మునిగి మరణించినదని ఆయన జీవిత కథలలో కనబడుతుంది. ఆ తరువాత, 1845 ప్రాంతమున, ఆయన కెనడాకు వెళ్లారు. అక్కడ పిల్లలకు చదువు చెప్పుకొంటూ, సువార్త ప్రకటిస్తూ జీవించారు. పాట పుట్టినది 1855 ప్రాంతములో. అప్పటికి ఆ మొదటి దుఃఖము జరిగి ఇంచుమించు పదేండ్లు. ఎలైజా రోచ్ అను యువతితో ఆయనకు మరల వివాహము నిశ్చయమైనది గాని, ఆమె కూడా 1860లో జబ్బుచేసి కన్నుమూసింది. అంటే ఈ పాట రెండు మరణముల నడుమ పుట్టినది, ఏ ఒక్క మరణము మీదను వ్రాసినది కాదు. ఐర్లండులో కష్టములోనున్న తల్లిని ఆదరించడానికి సముద్రము ఇవతలనుండి కుమారుడు వ్రాసి పంపిన మాటలివి. ఎడతెగని ప్రార్థనను గూర్చి పౌలు థెస్సలొనీకయ సంఘమునకు చెప్పిన మాటనే ఆయన దీనికి శీర్షికగా పెట్టుకున్నారు.

ఆ రోజులలో ఉత్తరము ఓడమీద వెళ్లవలసినదే. అది చేరేసరికి అమ్మ ఎలా ఉంటుందో! మన సంఘాలలో ఎన్ని కుటుంబాలకు ఈ బాధ తెలియదు? కొడుకు దుబాయిలో, కూతురు అమెరికాలో. ఇప్పుడు ఫోనులో ముఖము కూడా కనబడుతుంది, సంతోషమే. అయినను అమ్మకు జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యి వేసి చూడలేరు గదా. స్క్రైవెన్ గారు కూడా డబ్బు పంపి ఊరుకోలేదు, ధైర్యముగా ఉండమని రెండు ముక్కలు వ్రాసి సరిపెట్టలేదు. తాను వెళ్లలేని చోటికి వెళ్లగల స్నేహితుని పేరు తల్లికి గుర్తుచేశారు.

ఇక్కడ తెలుగు వారమైన మనము ఒక సంగతి గమనించవచ్చును. ఇంగ్లీషులో 'వి' అను ఒక్క మాటే ఉన్నది. మనకు 'మేము' వేరు, 'మనము' వేరు. ఈ పాటకు తగినది 'మనము' అనే మాటే, ఎందుకంటే అమ్మను విడిచిపెట్టి కుమారుడు మాట్లాడుట లేదు. శోధన, ఇబ్బంది, నిరుత్సాహము ఇద్దరివీ. ఉపదేశకుడు గద్దెమీద నుండి చెప్పినట్లు గాక, పక్కనే చాపమీద కూర్చుండి అడిగినట్లు ప్రశ్నలు వస్తాయి. మూడవ చరణములో మాత్రము ఆయన 'నీవు' అని తిరిగి, స్నేహితులే నిన్ను తృణీకరించుచున్నారా అని అడుగుతారు. కూటము ఆలస్యమైతే మనవారు చివరి చరణము వదిలేస్తుంటారు. అది మాకు నచ్చదు. తల్లితో ముఖాముఖి మాట్లాడినది అక్కడే గదా!

స్నేహితుడు అను మాట కూడా ఊరకే వచ్చినది కాదు. లూకా 11వ అధ్యాయములో శిష్యులు ప్రార్థన నేర్పుమని అడిగినప్పుడు, ప్రభువు ఆ ప్రార్థన నేర్పి, వెంటనే అర్ధరాత్రివేళ రొట్టెల కొరకు స్నేహితుని తలుపు తట్టిన వాని కథ చెప్పెను. వేళకాని వేళ వెళ్లగలిగిన ఇల్లు స్నేహితునిదే. మన పల్లెలలో అర్ధరాత్రి పురుటినొప్పులు వచ్చినా, తేలు కుట్టినా, ఎవరి తలుపు తట్టాలో అందరికీ తెలుసు.

పాట లోకానికి తెలిసిన విధము చిత్రమైనది. 1865లో హేస్టింగ్స్ అను ఆయన అమెరికాలో ప్రచురించిన పాటల పుస్తకములో ఇది కవి పేరు లేకుండానే అచ్చయినది. 1868లో ఛార్లెస్ కాన్వర్స్ అను న్యాయవాది, సంగీతము బాగుగా నేర్చినవాడు, దీనికి రాగము కట్టాడు. 1875లో సాంకీ గారి 'గాస్పెల్ హిమ్స్'లో చేరి ఊరూరా ప్రాకినది. చాలాకాలము దీనిని స్కాట్లండు కవి హొరేషియస్ బోనార్ వ్రాశారని అనుకున్నారు. స్క్రైవెన్ గారు 1869లో తన పాటలను పుస్తకముగా వేసుకున్నారు గాని, ఈ పాటను అందులో చేర్చలేదు. తల్లికి పంపినది అచ్చులో ఎందుకనుకున్నారు కాబోలు. ఆయన జబ్బుగా ఉన్నప్పుడు పరామర్శకు వచ్చిన పొరుగువాడు ఆ కాగితము చూచి, ఎవరు వ్రాశారని అడిగితే, ప్రభువును తానును కలిసి వ్రాశామని మాత్రము చెప్పారట.

ఇక కష్టమైన సంగతి. ప్రార్థనను గూర్చి ఇంత చక్కని పాట వ్రాసిన వ్యక్తికి దుఃఖము తీరిపోలేదు. చివరి కాలములో పేదరికము, జబ్బు, మనోవ్యధ ఆయనను చుట్టుముట్టాయి. 1886 ఆగస్టులో జ్వరముతో ఒక స్నేహితుని ఇంటనున్నప్పుడు, రాత్రివేళ ఎవరికీ తెలియకుండా బయటికి వెళ్లారు. తరువాత రైస్ లేక్ దగ్గర నీటిలో ఆయన దేహము దొరికినది. కాలు జారెనో, మరేమి జరిగెనో చూచినవారు లేరు. మనస్సు క్రుంగినవారిని చూచి, మీకు విశ్వాసము చాలదు, సరిగా ప్రార్థన చేయలేదు అని తేలికగా అనేవారు మన మధ్య ఉన్నారు. అట్టివారు ఈ పాట పాడేటప్పుడు దీనిని వ్రాసిన వ్యక్తిని ఒకసారి తలంచుకోవాలి. కష్టము తొలగిపోతుందని ఆయన ఎక్కడా మాట ఇవ్వలేదు. మోయలేనిది ఎక్కడ దించుకోవాలో చెప్పారు, అంతే. క్రుంగినవారికి ప్రార్థనతోబాటు వైద్యుడును కావాలి, రాత్రి తోడుండే మనిషియు కావాలి.

ఆయనను ఎలైజా సమాధి పక్కనే పాతిపెట్టారు. 1920లో అక్కడ స్మారక స్తంభము నిలిపారు. కాని ఆయన బ్రతికియుండగా పోర్ట్ హోప్ ఊరివారు ఆయనను ఎరిగినది పాట వలన కాదు, రంపము వలన. ఒకనాడు ఆయన రంపము పట్టుకొని వీధిలో వెళ్తుండగా, కొత్తగా వచ్చినవాడొకడు చూచి, చలికాలానికి తన కట్టెలు కూడా కోయించుకోవాలని పక్కనున్న వానిని విచారించాడట. ఆ మనిషి నీకు కోయడు, నీ దగ్గర కూలికి డబ్బున్నది గనుక అని ఊరివాడు చెప్పెను. విధవరాండ్రకు, మంచముపట్టినవారికి మాత్రమే ఆయన కట్టెలు కోసిపెట్టేవారు, కూలి లేకుండా.