కథ కింద ఫోన్ నంబరు

ఆదివారం అనుబంధంలో కథ చదవడం అయిపోయాక, చివర రచయిత పేరు, దాని పక్కనే పది అంకెల సెల్ నంబరు తరచూ కనిపిస్తాయి. సినిమా అయిపోయాక తెర మీద దర్శకుడి నంబరు వేయరు. వంతెన దాటాక ఇంజనీరు నంబరు కనపడదు. తెలుగు కథ కింద మాత్రం ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే పేజీ తిప్పేస్తారు. రచయిత సంతోషాలూ చిరాకులూ ఎక్కడ పుడతాయో తెలియాలంటే ఆ నంబరు అక్కడ ఎందుకుందో తెలియాలి.

రాయడమే పెద్ద కష్టమని బయటివాళ్లు అనుకుంటారు. కష్టమే, కానీ ఆ కష్టానికి కూలి అక్కడికక్కడే ముడుతుంది. ఒకసారి నాకు కథలో వాన కావలసి వచ్చింది. ‘సన్నటి వాన పొద్దుటినుంచి ఆగకుండా పడుతూనే ఉంది’ అని రాశాను. తప్పేమీ లేదు గానీ వాక్యం తడవలేదు. జడివాన అందామంటే అంత జోరు లేదు. తుంపర అందామంటే అది అంతసేపు ఉండదు. రెండు రోజులు అలాగే వదిలేశాను. మూడో రోజు అమ్మ ఫోన్ చేసి, “ముసురు పట్టిందిరా, వడియాలు పెట్టుకుందామంటే కుదిరి చావడం లేదు” అంది. అంతే. ఆరు మాటలు కొట్టేసి రెండు మాటలు రాసుకున్నాను. వడియాలు కూడా కథలోకి వచ్చేశాయి. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇందులోనే చిరాకు కూడా ఉంది. ఇంట్లోవాళ్ల లెక్కలో ఆ రెండు రోజులూ నేను చేసిన పని సున్నా. కాగితం ముందు కూర్చుని కిటికీలోకి చూసే మనిషి పనిలో ఉన్నాడంటే ఎవరు నమ్ముతారు? “ఖాళీగానే ఉన్నావుగా, గ్యాస్ బండ వస్తుంది చూసుకో” అంటారు. పక్కింటివాళ్లు పెళ్లి శుభలేఖకు నాలుగు మంచి మాటలు రాసిపెట్టమంటారు. వడ్రంగి చేసే పనికి చప్పుడుంది, వంటకు వాసనుంది. రాతకు రెండూ లేవు. అందుకే దాన్ని ఎవరూ పనిగా లెక్కవేయరు. దీనికి రచయితలు త్వరగానే అలవాటు పడతారు. అలవాటు పడలేనిది కథను పంపించాక మొదలవుతుంది.

కథ పత్రికకు పంపేటప్పుడు హామీపత్రం జత చేయాలి. ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని సంతకం చేసి ఇవ్వాలి. ఆ చివరి మాటే అసలు మెలిక. ఒక చోట జవాబు వచ్చేదాకా మరో చోటికి పంపకూడదు. పూర్వం తిరుగు టపాకు బిళ్లలు అంటించి, సొంత చిరునామా రాసిన కవరు జత చేసేవారు. వేసుకోకపోతే కథ తిరిగొచ్చేది. మన చేతిరాతతోనే మన గుమ్మంలోకి వచ్చిన ఆ కవరు చూస్తే మనసు చివుక్కుమనేది, అయినా అదొక జవాబు. ఇప్పుడు మెయిల్లో పంపుతాం. ఫలానా గడువులోగా కబురు లేకపోతే వేసుకోనట్టే అనుకోమంటారు. కబురు రాకపోవడమే కబురు అన్నమాట.

సంపాదకులది రాతిగుండె అని కాదు. లెక్క అలా ఉంది. వారానికి ఒక్క కథ వేసే అనుబంధం ఏడాదికి 52 కథలే వేయగలదు. వారానికి పాతిక కథలు వచ్చాయనుకుంటే ఏడాదికి 1,300 అవుతాయి. అచ్చయ్యేవి పోను 1,248 మందికి ‘క్షమించండి’ అని రాయాలి. అన్నీ చదవడమే ఒక మనిషికి తలకు మించిన పని. పండగ పోటీ పెడితే రాశి ఇంకా పెరుగుతుంది. కొవిడ్ కాలంలో కొన్ని పత్రికలు అచ్చు ఆపేశాక, ఉన్న గుమ్మాల దగ్గరే వరస పొడవైంది.

ఈ ఎదురుచూపు చిన్నవాళ్లకే రాసిపెట్టిందీ కాదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాల్లో ఎక్కువ భాగం 1930లలోనివే. చలం ‘యోగ్యతాపత్రం’ రాసింది 1940లో. పుస్తకం బయటికి వచ్చింది 1950లో. ముందుమాట సిద్ధమయ్యాక కూడా పదేళ్లు ఆగిన పుస్తకమది. ఆ సంగతి తలుచుకున్నప్పుడు, మూడు నెలలుగా జవాబు రాలేదని గొణుక్కునే నాలాంటివాడికి కొంచెం సిగ్గేస్తుంది.

సరే, కథ అచ్చయింది. అప్పుడు వస్తాయి అచ్చుతప్పులు. నా కథలో ‘మామ్మ జడ వేస్తుంటే పిల్ల కునుకు తీసింది’ అని ఒక వాక్యం. అచ్చులో ఒత్తు ఎగిరిపోయి ‘మామ జడ వేస్తుంటే’ అయింది. ఇదెలా జరుగుతుందో చెప్పుకోవాలి. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న పాత ఫాంట్లలో కంప్యూటరుకు తెలుగు అక్షరం తెలియదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. అక్షరం ఒక బొమ్మ, ఒత్తు ఇంకో బొమ్మ. యూనికోడ్ దారి వేరు. 1991 నాటి మొదటి కూర్పులోనే అందులో తెలుగుకు 128 స్థానాలున్న సొంత గది దొరికింది. ‘మ్మ’ అంటే మ, పొల్లు, మళ్లీ మ అని మూడు సంకేతాలు వరసగా ఉంటాయి. మనం ఫోన్లో కొట్టేది యూనికోడ్. పేజీ పెట్టే చోట పాత ఫాంటు ఉంటే దాన్ని మార్చుకోవాలి. ఆ మార్పిడిలో ఒత్తు జారిపోతే పట్టుకోవలసింది ప్రూఫు చూసేవాళ్లు. కానీ ‘మామ’ కూడా నిక్షేపంలాంటి మాటే, కన్ను దాని దగ్గర ఆగదు.

ఆ కథకు నాకు వచ్చింది ఒకే ఒక్క ఫోను. “ఆ పిల్లకు మామయ్య జడ వేయడం భలే కొత్తగా ఉందండీ, మగవాళ్లూ నేర్చుకోవాలి” అన్నారాయన. సరిదిద్దబుద్ధి కాలేదు. అచ్చుతప్పు మీద వారం రోజులుగా రగులుతున్న కోపం ఆ ఫోనుతో చల్లారింది. అప్పుడర్థమైంది నాకు, తప్పు పడినందుకు కాదు నా బాధ, ఎవరూ పలకనందుకు.

పుస్తకం వేస్తే ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. ఉదాహరణకు ఒక లెక్క. సొంత డబ్బుతో 300 కాపీలు వేశారనుకుందాం. కాపీకి 80 రూపాయల చొప్పున 24,000 ఖర్చు. వెల 150. దుకాణం 40 శాతం కమిషన్ పట్టుకుంటే రచయిత చేతికి 90. పెట్టుబడి తిరిగి రావాలంటే 267 కాపీలు అమ్ముడుపోవాలి. కానీ ఆవిష్కరణ సభలో వేదిక మీదివాళ్లకు, సమీక్ష కోసం పత్రికలకు రెండేసి, ఆ తర్వాత బంధువులకు, స్నేహితులకు కలిపి వంద కాపీలు ఊరికే పోతాయి. మిగిలిన 200 ఒక్కటీ మిగలకుండా అమ్మినా వచ్చేది 18,000. ఆరు వేల చేతిచమురు వదిలినట్టే. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. మంచం కింది కట్టలు కూడా వాళ్లవే.

మరి ఎందుకు వేస్తారు? ఊరికే ఇచ్చిన ఆ వంద కాపీల కోసమే. ప్రతి దాని మీదా ‘అభిప్రాయం కోరుతూ’ అని రాసి సంతకం పెడతారు. అది మర్యాద వాక్యం కాదు, నిజంగానే కోరుతున్నారు. రచయితకు డబ్బు అక్కర్లేదని నేననడం లేదు. చెప్పిన పారితోషికం ఇవ్వకపోవడం తప్పే. కానీ డబ్బు వచ్చినా తీరని ఆకలి ఇంకొకటుంది. తన మాట అవతలి మనిషికి చేరిందా లేదా అన్నది రచయిత తనంతట తాను తెలుసుకోలేడు. వంట చేసినవాళ్లకు ఖాళీ కంచం కనిపిస్తుంది. నాటకం ఆడినవాళ్లకు చప్పట్లు వినిపిస్తాయి. కథ రాసినవాడికి అవతలి గదిలో ఏం జరిగిందో తెలియదు. కథ కింద నంబరు ఆ తలుపుకు పెట్టుకున్న గడియ.

అందుకే చిన్న పలకరింపు కూడా పెద్దదైపోతుంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అచ్చయిన తెలుగు కథలన్నింటినీ ఒక చోట చేర్చి కాపాడాలని. ఇల్లు మారేటప్పుడు పోయిన, చెదలు తిన్న తన పాత కథ ఒక బీరువాలో భద్రంగా ఉందని తెలిస్తే రచయితకు కలిగే తృప్తి ఏ పారితోషికానికీ తూగదు. ఎవరో ఒకరు దాన్ని లెక్కలోకి తీసుకున్నారు, అంతే కావాలి.

ఇంతవరకు రాసి, బల్ల పక్కన అలమార వైపు చూశాను. తోటి రచయితలు నాకిచ్చిన పుస్తకాలు అందులో ఒక వరస ఉన్నాయి. ‘అభిప్రాయం కోరుతూ’ అన్న సంతకాలు లెక్కపెడితే పదకొండు. నాలుగు చదివాను, రెండు నచ్చాయి కూడా. ఒక్కరికీ చెప్పలేదు. ఆ ఇద్దరి ఇళ్లలో నిశ్శబ్దం నేను పెట్టిందే. ఒక పుస్తకం తీసి రెండో పేజీ తెరిచాను. వెల కింద నంబరుంది. అవతల ఫోను మోగుతోంది.