మొదటిసారి విమానం ఎక్కేవారికి – వాతం, భయం, ఢిల్లీ చలి

“డాక్టరుగారూ, వచ్చే వారం విమానం ఎక్కవలసి ఉన్నది. తలచుకుంటేనే గుండె దడదడలాడుతున్నది. ఏదైనా మాత్ర ఇవ్వండి” అని అడిగేవారు ఇటీవల నా వైద్యశాలకు తరచుగా వస్తున్నారు. వారిలో ఎక్కువమంది యాభై, అరవై ఏళ్ళు దాటినవారు. కూతురి పురుటికో, కొడుకు గృహప్రవేశానికో, పెద్ద ఆసుపత్రిలో చూపించుకోవడానికో మహానగరానికి వెళ్ళవలసి వచ్చినవారు. వీరికి మాత్రకంటె ముందు ఇవ్వవలసినది తెలివిడి. విమానంలో దేహానికి ఏమి జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో తెలిస్తే భయంలో సగం అక్కడే తగ్గుతుంది. ఈ మాట నా అనుభవంతో చెబుతున్నాను.

2022 డిసెంబరులో ఖమ్మం నుంచి మా అక్క హైదరాబాదులోని మా ఇంటికి హడావుడిగా వచ్చింది. ఆమె కూతురు ఢిల్లీలో నిండు గర్భిణి. నెలాఖరుకు పురుడని లెక్క కట్టి రైలు టిక్కెట్టు కూడా తీసి పెట్టుకున్నది. ఇంతలో ఉమ్మనీరు తగ్గింది, రెండు రోజులలో ఆపరేషన్ చేయాలి అని అక్కడి డాక్టర్లు నిర్ణయించారు. రైలులో ఒక పగలు, ఒక రాత్రి దాటుతుంది. విమానంలో రెండుంబావు గంటలు. నేను వెంట వెళదామంటే ఇంట్లో నా భార్య విషజ్వరంతో మంచం పట్టి ఉన్నది. అక్క ఒంటరిగా వెళ్ళక తప్పదు. ఆమెకు అరవై మూడేళ్ళు, రక్తపోటు ఉన్నది, విమానాన్ని దగ్గరగా చూసి ఎరుగదు. “రైలులో అయితే కింద పట్టాలుంటాయి, పట్టాల కింద నేల ఉంటుంది. దీని కింద ఏముంటుందిరా తమ్ముడూ?” అని అడిగింది. ఆ రాత్రి కూర్చుని ఆమె కోసం నాలుగు కాగితాలు రాసి ఇచ్చాను. ఈ వ్యాసం ఆ కాగితాలకు విస్తరణ.

ఆమె భయాన్ని నేను ఎగతాళి చేయలేదు. 2011లో యాభై రెండేళ్ళ వయసులో నేను మొదటిసారి విమానం ఎక్కినప్పుడు నా పరిస్థితి అంతకంటె హీనం. రోగులకు ప్రాణాయామం బోధించే నేను కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. పైగా మూడు తప్పులు చేశాను. జలుబుతో ఎక్కాను. ఆందోళనతో ఏమీ తినకుండా మూడు కాఫీలు తాగాను. దిగేటప్పుడు నిద్రపోయాను. దాని ఫలితంగా మూడు రోజులపాటు కుడిచెవి దిబ్బడ వేసి, తమ్ముడు ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పిన మాటలు నాకు సరిగా వినబడలేదు.

ఇక అసలు విషయానికి వద్దాము. రూక్షం, శీతం, లఘుత్వం, చలత్వం ఇవన్నీ వాతగుణాలని చరక సంహిత చెబుతున్నది. విమానం లోపల ఈ నాలుగూ ఒకేచోట కూడి ఉంటాయి. బయట ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తు ఉన్నా, లోపలి గాలి ఒత్తిడిని ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉండే స్థాయిలో నిలుపుతారు. తేమ సాధారణంగా ఇరవై శాతానికి లోపే. అందువల్ల గొంతు, పెదవులు, ముక్కు ఎండుతాయి. ఒత్తిడి తగ్గితే వాయువు వ్యాపిస్తుంది. కడుపులోని గాలి సుమారు మూడో వంతు దాకా ఉబ్బవచ్చు. నేలమీద బాధ పెట్టని కడుపు ఆకాశంలో బిగబట్టడానికి కారణం ఇదే. గుండె దగ్గర ఏదో పట్టినట్లున్నదని కంగారుపడే వారిలో కొందరికి ఉండేది కేవలం ఈ ఉబ్బరమే. అయితే చెమటలు పట్టి, నొప్పి ఎడమచేతికో దవడకో పాకితే దానిని వాయువని సరిపెట్టుకోక వెంటనే విమాన సిబ్బందికి చెప్పాలి.

కనుక ప్రయాణానికి ముందురోజు రాత్రి నుంచే ఆహారం మీద దృష్టి ఉంచాలి. శనగపప్పు, చిక్కుడు, క్యాబేజీ, బఠాణీ, సోడా వద్దు. పెసరకట్టు, బీరకాయ లేక పొట్లకాయ కూర, పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఇంగువ కలుపుకుని అన్నం తినవచ్చు. ప్రయాణం ఉదయం పూట అయితే రెండు ఇడ్లీలు చాలు. ఉపవాసం మాత్రం కూడదు. ఖాళీ కడుపులో వికారం, దడ రెండూ పెరుగుతాయి. కాఫీ ఒక్కసారికి పరిమితం చేసుకోవాలి. శుభ్రంగా విరేచనం కావాలన్న ఆత్రుతతో ఆ రాత్రి కొత్తగా త్రిఫలా చూర్ణమో, సునాముఖి ఆకో పుచ్చుకోకండి. అలవాటు లేనివారికి అది మరునాడు విమానాశ్రయంలో చూపే ప్రభావం ఊహించదగినదే! రక్తపోటు మాత్రలు రోజూ వేసుకునే వేళకే వేసుకోవాలి. భయానికని సర్పగంధ మాత్రలు కొని మింగడం ప్రమాదం. రక్తపోటు మందుతో కలిసి అది ఒత్తిడిని ఉన్నట్టుండి పడగొట్టవచ్చు.

వికారం, వాంతుల స్వభావం ఉన్నవారు ఎక్కడానికి అరగంట ముందు శొంఠి పొడి రెండు చిటికెలు, కొద్దిగా బెల్లం కలిపి చప్పరించాలి. ఇది చాలామందికి ఉపకరిస్తుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు మాత్రం తమ డాక్టరును అడగాలి. సీటు ఎంచుకునే అవకాశం ఉంటే రెక్కల దగ్గరి సీటు అడగండి. ఊగుడు అక్కడ తక్కువగా తెలుస్తుంది. ముక్కు ఎండకుండా వేలికొసతో నువ్వులనూనె పలుచగా రాసుకుంటే చాలు, పడుకుని చుక్కలు వేసుకోనక్కర లేదు. నీళ్ళు గుక్కగుక్కగా తాగాలి. మూత్రానికి లేవవలసి వస్తుందని నీళ్ళు మానేసేవారు, వచ్చినా పక్కవారిని లేపడానికి మొగమాటపడి బిగబట్టేవారు మన ఆడవారిలో ఎక్కువ. వేగాలను ఆపరాదని చెప్పడానికి చరకుడు సూత్రస్థానంలో ఏడవ అధ్యాయమే కేటాయించాడు. సీటు నడవ పక్కన తీసుకుంటే ఈ మొగమాటం ఉండదు.

సామాను దగ్గర అక్కతో నాకు పెద్ద వాదమే జరిగింది. బాలింతకు కావలసినవన్నీ ఆమె మూట కట్టింది. కాయం, పిప్పళ్ళు, శొంఠి, వాము, వెల్లుల్లి కారం, నల్ల నువ్వుల ఉండలు, రెండు కిలోల నెయ్యి, ఎండుకొబ్బరి చిప్పలు, దిష్టి తీయడానికి ముద్దకర్పూరం, అగ్గిపెట్టె. వీటిలో చివరి మూడూ తీసి పక్కన పెట్టించాను. కర్పూరం, అగ్గిపెట్టె మంట పుట్టించేవి, ఏ సంచిలోనూ రానివ్వరు. ఎండుకొబ్బరి సంగతి చాలామందికి తెలియదు. నూనె ఎక్కువగా ఉండి, మూసిన చోట వేడెక్కి తనంతట తాను రాజుకొనే గుణం ఉన్నందున 2022లో దానిని కూడా నిషేధించారు. “కొబ్బరి అంటుకుంటుందా? అరవై ఏళ్ళుగా వంటింట్లో ఉన్నది, ఎన్నడూ అంటుకోలేదు” అన్నది అక్క. నెయ్యి, పచ్చళ్ళు చేతిసంచిలో ఆపుతారు. గట్టి మూత బిగించి, రెండు ప్లాస్టిక్ సంచులలో చుట్టి పెద్దపెట్టెలో పెట్టాలి. నిబంధనలు మారుతుంటాయి, టిక్కెట్టు తీసినప్పుడే విమాన సంస్థను అడిగి తెలుసుకోవడం మేలు. దేశంలోపలి ప్రయాణాలలో చాలా టిక్కెట్లకు పెద్దపెట్టె పదిహేను కిలోలు, చేతిసంచి ఏడు కిలోలు మాత్రమే. మందులు, చీటీలు, కళ్ళద్దాలు, ఆధార్ కార్డు చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ పెద్దపెట్టెలో పెడితే గడ్డకట్టి చెడిపోవచ్చు. సెల్‌ఫోనుకు వాడే పవర్‌బ్యాంకు కూడా చేతిసంచిలోనే ఉంచాలి. (కాయం సురక్షితంగానే చేరింది. ఆపరేషన్ అయిన బాలింతకు అది ఎప్పుడు మొదలుపెట్టాలో అక్కడి డాక్టరును అడిగి పెట్టమన్నాను.)

చెవి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మధ్యచెవికి, గొంతు వెనుక భాగానికి నడుమ సన్నని నాళం ఒకటి ఉన్నది. విమానం ఎక్కేటప్పుడు చెవిలోని గాలి ఈ నాళం గుండా సులువుగా బయటికి పోతుంది. దిగేటప్పుడు బయటి గాలి లోపలికి రావాలి. అప్పుడు నాళం అంత తేలికగా తెరచుకోదు. కర్ణభేరి లోపలికి లాగబడి నొప్పి, దిబ్బడ కలుగుతాయి. మింగినప్పుడు, ఆవులించినప్పుడు నాళం తెరచుకుంటుంది. నిద్రలో మనం మింగడం తక్కువ. నేను చేసిన తప్పు అదే. కనుక దిగడానికి అరగంట ముందు మేలుకొని ఏలక్కాయో, పటికబెల్లం ముక్కో, ఎండబెట్టిన ఉసిరి ముక్కో చప్పరిస్తూ మాటిమాటికి మింగాలి. అప్పటికీ తెరచుకోకపోతే ముక్కు మూసి, నోరు మూసి, మెల్లగా గాలి ఊదాలి. గట్టిగా ఊదరాదు. చంటిబిడ్డలకు ఆ సమయంలో పాలు పట్టాలి. జలుబు ఉంటే రెండు రోజుల ముందు నుంచి వాము వేసిన వేడినీటి ఆవిరి పట్టండి. ముక్కు పూర్తిగా బిగిసి ఉండి, చెవిలో పోటు కూడా ఉంటే డాక్టరుకు చూపించి, వీలైతే ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది.

అక్కకు అన్నిటికంటె పనికివచ్చినది శబ్దాల జాబితా. విమానం పరుగెత్తి లేచిన కొద్ది క్షణాలకు కాళ్ళకింద దడ్డుమని చప్పుడు వస్తుంది, అది చక్రాలు లోపలికి ముడుచుకోవడం. ఒకటి రెండు నిమిషాలలో ఇంజను హోరు తగ్గి, విమానం కిందికి జారుతున్నట్లు కడుపులో తోస్తుంది. జారడం కాదు, పైకి లేవడానికి వాడిన పూర్తి శక్తిని పైలట్లు కొంత తగ్గిస్తారు, అంతే. మధ్యమధ్య టింగుమనే గంట సిబ్బంది ఒకరినొకరు పిలుచుకునేది కావచ్చు, బెల్టు పెట్టుకోమనే సూచన కావచ్చు. దిగేముందు రెక్కల వెనుక భాగాలు కరకరమంటూ చాచుకుంటాయి, మళ్ళీ చక్రాల చప్పుడు వినబడుతుంది. నేలను తాకగానే వచ్చే పెద్ద గర్జన వేగాన్ని అణచడానికి. గాలి అలజడిలో కుదుపులు గతుకుల బాట మీద ఎడ్లబండి కుదుపుల వంటివి. రెక్కలు కొంచెం వంగేటట్లే తయారుచేస్తారు. కుదుపులలో ఎక్కువగా దెబ్బలు తగిలేది బెల్టు పెట్టుకోనివారికి. కనుక దీపం ఆర్పినా బెల్టు వదులుగా పెట్టుకునే ఉండండి.

దడ మొదలైతే నాలుగు అంకెలు లెక్కించే దాకా ఊపిరి తీసి, ఆరు అంకెల దాకా వదలాలి. వదిలే ఊపిరి దీర్ఘంగా ఉండడమే ముఖ్యం. భ్రామరి తెలిసినవారు నోరు మూసుకుని తుమ్మెదనాదం చేయవచ్చు. ఇంజను హోరులో అది పక్కవారికి వినబడనైనా వినబడదు! ఇంకొక సంగతి. “ఇదే నా మొదటి ప్రయాణం” అని సిబ్బందితో చెప్పుకోవడానికి సిగ్గు పడకండి. అక్క చెప్పుకున్నది. ఆ అమ్మాయి రెండుసార్లు వచ్చి పలకరించిందట. నడవలేనివారికి చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టుతో పాటే కోరవచ్చు.

ఇటీవల శస్త్రచికిత్స అయినవారు, గుండెపోటు వచ్చి కొద్ది వారాలే అయినవారు, ఉబ్బసం అదుపులో లేనివారు, తీవ్ర రక్తహీనత ఉన్నవారు, నెలలు నిండిన గర్భిణులు డాక్టరు అనుమతి లేనిదే విమానం ఎక్కరాదు. అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్ళేవారికి మరొక జాగ్రత్త అవసరం. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెండింతలవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెల్లడించింది. అయినా అటువంటి ప్రయాణం చేసిన ఆరువేల మందిలో ఒకరికే ఆ బాధ కలుగుతుంది కనుక బెదరవద్దు. గంటకొకసారి లేచి నడవడం, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించడం చేస్తే సరి.

ఢిల్లీ విమానాశ్రయంలో మూడు టెర్మినళ్ళున్నాయి. ఒకటవది, మూడవది ఒకదానికొకటి దూరం. దిగేది ఏది, తిరుగు ప్రయాణంలో ఎక్కేది ఏది అన్నది టిక్కెట్టు మీద చూసి పెద్ద అక్షరాలతో రాసుకోండి. రాకపోక ఒకే టెర్మినల్ కాకపోవచ్చు. తీసుకువెళ్ళడానికి ఎవరూ రాకపోతే లోపలే ఉన్న ప్రీపెయిడ్ టాక్సీ కౌంటరులో డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి. బయట చెయ్యి పట్టుకుని పిలిచేవారి వెంట వెళ్ళవద్దు. సామాను తక్కువైతే మూడవ టెర్మినల్ నుంచి న్యూఢిల్లీ రైల్వే స్టేషనుకు మెట్రోలో ఇరవై నిమిషాలు పడుతుంది. చేరవలసిన ఇంటి చిరునామా హిందీలో రాసి ఉంచుకోవాలి. సెల్‌ఫోను ఛార్జింగు అయిపోయినప్పుడు ఆ కాగితమే దిక్కు. మన భోజనానికి నోరు వాచినవారికి అశోకా రోడ్డులో ఆంధ్రప్రదేశ్ భవన్ భోజనశాల ఉన్నది.

నా నాలుగు కాగితాలలో రాయడం మరచినది ఢిల్లీ చలి. అక్క పలుచని చీరతో, పైన చిన్న శాలువాతో దిగింది. డిసెంబరు, జనవరిలో అక్కడ రాత్రి వేడిమి పది డిగ్రీలకు దిగువకు పోతుంది. ఉన్ని మేజోళ్ళు, చెవులు కప్పే మఫ్లరు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. ఆ నెలల్లో మంచువల్ల విమానాలు ఆలస్యం కావడం సాధారణం, కాస్త అటుకులో, వేయించిన పేలాలో దగ్గర ఉంచుకోవాలి. చలికాలపు పొగకు గొంతు మండుతుంది. ఉదయపు నడక మాని, బయటికి పోతే ముక్కును బాగా పట్టి ఉంచే ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. రాత్రి పసుపు వేసిన వేడి పాలు, పగలు అతిమధురం ముక్క గొంతుకు హాయినిస్తాయి. రక్తపోటు ఉన్న మా అక్క వంటివారు అతిమధురం మాని మిరియాల పాలు తాగాలి.

అక్క చేరిన మరునాడు మనుమరాలు పుట్టింది. ఆ సాయంత్రం ఫోను చేసి, ఏలక్కాయలు చప్పరించినా ఎడమచెవి కాస్త మూసుకున్నట్లున్నది, వెచ్చని నూనె పోసుకోనా అని అడిగింది. పోయవద్దన్నాను. కర్ణభేరికి లోపల గాయమైనదీ లేనిదీ మనకు తెలియదు. ఆవిరి పట్టి, వేడినీళ్ళు తాగుతూ, మాటిమాటికి మింగుతూ ఉండమన్నాను. మరునాటికి చెవి తెరచుకున్నది. రెండు మూడు రోజులకు కూడా దిబ్బడ పోకపోయినా, నొప్పి పెరిగినా, చీమో రక్తమో కనిపించినా, తల తిరిగినా చెవి డాక్టరుకు చూపించవలసిందే. ఆ తరువాతనే తిరుగు విమానం ఎక్కాలి.