కడుపు నిండితే చాలదు

పెద్దదోర్నాల: మార్కాపురం నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో నల్లమలకు వాకిలి ఈ ఊరు. అడవిలోని చెంచు గూడేల్లో ఒకప్పుడు దుంపలు, తేనె, పండ్లు, వేట మాంసమే తిండి. క్రమంగా అడవిపై ఆంక్షలు పెరిగాయి, చౌక డిపో బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది గాని తిండిలో రకాలూ తగ్గాయి. మెట్ట పల్లెల్లోనూ జొన్న, సజ్జ, కొర్ర వెనక్కిపోయి వరి అన్నం ముందుకొచ్చింది.

తల్లి కడుపులోనే మొదలు

రక్తం తక్కువైన తల్లికి రెండున్నర కిలోలలోపు బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. గర్భం నాటి నుంచి రెండేళ్ళు నిండేదాకా సుమారు వెయ్యి రోజులు. అప్పుడు ఆగిన ఎదుగుదల తర్వాత పూర్తిగా రావడం కష్టం. అలాంటి బిడ్డకు విరేచనాలు, నెమ్ము తరచు వస్తాయి. బడిలో చదువు వెనుకబడుతుంది. పెద్దయ్యాక బరువు పనికి ఒళ్ళు సహకరించదు, కూలి పడిపోతుంది. ఆ పేదరికమే తర్వాతి బిడ్డ కంచంలోకీ వస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది.

ఇంట్లో చేయదగినవి

బిడ్డకు ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు. ఆపైన పాలతోపాటు మెత్తని పప్పన్నం, ఆకుకూర, గుడ్డు పెట్టాలి. అంగన్‌వాడీలో గర్భిణికి ఇచ్చేది ఆమే తినాలి, ఇంటిల్లిపాదికీ పంచరాదు. వలస వెళ్ళేవారు అక్కడి అంగన్‌వాడీలో బిడ్డ పేరు రాయించాలి. ఆరు నెలలు నిండిన, అయిదేళ్ళలోపు బిడ్డ దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.