పావురాల పందెంలో ఎలక్ట్రానిక్ సమయ నమోదు

పావురాల పందెంలో పావురం గూటికి చేరిన సమయాన్ని దాని కాలి కడియంలోని చిప్ ద్వారా గుర్తించే విధానాన్ని ఎలక్ట్రానిక్ సమయ నమోదు అంటారు. పావురాలన్నింటినీ ఒకేచోట వదిలినా, ప్రతిదీ తన యజమాని గూటికే చేరుతుంది. గూళ్ళ దూరాలు వేరువేరు కనుక, నిమిషానికి ఎన్ని మీటర్లు ఎగిరిందనే సగటు వేగాన్ని బట్టి విజేతను నిర్ణయిస్తారు.

పాత పద్ధతి

పందేనికి ముందు పావురం కాలికి అంకె గల రబ్బరు కడియం తొడుగుతారు. తిరిగి రాగానే యజమాని దానిని పట్టుకొని, కడియాన్ని తీసి, సీలు వేసిన ప్రత్యేక గడియారంలో వేసి సమయాన్ని ముద్రిస్తాడు.

కొత్త పద్ధతి

పావురాన్ని పంపే ముందు క్లబ్బులో దాని చిప్ సంఖ్యను నమోదు చేస్తారు. గూటి ప్రవేశమార్గాన్ని ట్రాప్ అంటారు. దీని గుండా లోపలికి రావచ్చు గాని బయటకు పోలేదు. ట్రాప్ వద్ద అమర్చిన యాంటెన్నా పలకపై పావురం అడుగు పెట్టగానే చిప్ సంఖ్య, సమయం నమోదవుతాయి.

ట్రాప్ ప్రాముఖ్యత

కప్పుపై వాలినంత మాత్రాన పావురం చేరినట్లు కాదు. ఉదాహరణకు, 300 కిలోమీటర్లను 240 నిమిషాలలో ఎగిరిన పావురం వేగం నిమిషానికి 1250 మీటర్లు. అది కప్పుపై రెండు నిమిషాలు కూర్చుంటే వేగం సుమారు 1240 మీటర్లకు పడిపోతుంది. అందువలన గింజల డబ్బా చప్పుడు వినగానే ట్రాప్‌లోకి దిగేటట్లు పావురాలకు ముందునుంచే శిక్షణ ఇస్తారు.

పరిమితులు

చేరిన సమయం ఎంత కచ్చితంగా నమోదైనా, పావురం ఎలా వచ్చిందో దానివల్ల తెలియదు. 2017లో చైనాలో షాంఘై పందెంలో ఇద్దరు వ్యక్తులు తమ పావురాలను పాల డబ్బాలలో దాచి బుల్లెట్ రైలులో తీసుకువచ్చారు. అసాధారణ వేగం అనుమానాలకు దారితీయగా, 2018లో న్యాయస్థానం వారిని మోసం నేరం క్రింద శిక్షించింది.