గిటార్ పట్టిన జీవకారుణ్యం

2000 మార్చి. న్యూయార్క్‌లోని ఓ గ్యాప్ దుస్తుల దుకాణం. లోపలికి వచ్చిన ఓ గాయని అక్కడున్న తోలు దుస్తుల్ని చింపేసింది. పోలీసులొచ్చి అరెస్టు చేశారు. విశేషమేమిటంటే... ఆమెకు కోపం తెప్పించింది మన దేశం నుంచి వెళ్లే తోలు!

ఆమె క్రిస్సీ హైండ్. 'ది ప్రిటెండర్స్' రాక్ బ్యాండ్ నాయకురాలు. పాటలు రాసేదీ, పాడేదీ ఆమే. గిటారూ వాయిస్తుంది.

టైర్ల ఊరి అమ్మాయి

క్రిస్సీ 1951లో అమెరికాలోని ఆక్రన్‌లో పుట్టింది. టైర్ల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ ఊరది. ముక్క లేనిదే భోజనమే కాదనుకునే ఆ నేల మీద, పదిహేడేళ్లకే మాంసం మానేసింది. కెంట్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతుండగా, 1970 మే 4న అక్కడ యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్న విద్యార్థుల మీద సైనికులు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. ఆ రోజు క్రిస్సీ అక్కడే ఉంది.

1973లో లండన్ చేరింది. సంగీత పత్రికకు సమీక్షలు రాసింది, బట్టల దుకాణంలో పనిచేసింది. ఎన్ని బ్యాండ్‌లలో ప్రయత్నించినా కుదరలేదు. చివరికి 1978లో హెర్‌ఫర్డ్ కుర్రాళ్లు ముగ్గురు తోడయ్యారు. 1980 జనవరిలో 'బ్రాస్ ఇన్ పాకెట్' పాట బ్రిటన్‌లో నంబర్ వన్. తొలి ఆల్బమూ అంతే!

ఏడాది తిరక్కుండానే...

ఆ వెలుగు ఎంతో కాలం నిలవలేదు. 1982 జూన్‌లో మత్తుమందులకు బానిసైన పీట్ ఫార్న్‌డన్‌ను బ్యాండ్ నుంచి తప్పించారు. రెండు రోజులకే గిటారిస్టు జేమ్స్ హనీమన్ స్కాట్‌ను అదే మత్తు బలి తీసుకుంది. మరుసటి ఏప్రిల్‌లో ఫార్న్‌డన్ కూడా పోయాడు. అప్పటికి క్రిస్సీ ఒళ్లో పసిబిడ్డ. ఇంకెవరైనా అయితే ఇక చాలనుకునేవారే. ఆమె మాత్రం డ్రమ్మర్ మార్టిన్ ఛాంబర్స్‌తో కలిసి కొత్తవాళ్లను వెతుక్కుంది. 1984లో 'లెర్నింగ్ టు క్రాల్' తెచ్చింది. పాకడం నేర్చుకోవడం అని దానర్థం. పాపకీ, బ్యాండ్‌కీ సరిపోయే పేరు!

మాట తెచ్చిన తంటా

జంతువుల పక్షాన నిలబడ్డప్పుడూ అంతా సాఫీగా సాగలేదు. 1989లో ఓ సమావేశంలో, తాను మెక్‌డొనాల్డ్స్ మీద బాంబు వేశానని వేళాకోళంగా అంది. మర్నాడే మిల్టన్ కీన్స్‌లోని మెక్‌డొనాల్డ్స్ మీద బాంబు దాడి జరిగింది! కంపెనీ కోర్టుకెళతానంది. మళ్లీ అలా అననని క్రిస్సీ సంతకం చేయాల్సి వచ్చింది.

గ్యాప్ విషయంలో ఫలితం వేరు. మన దగ్గర పశువుల్ని లారీల్లో కుక్కి, నీళ్లయినా పెట్టకుండా కబేళాలకు తరలిస్తున్నారన్నది జంతు హక్కుల సంస్థ 'పెటా' ఆరోపణ. పశువుల రవాణాకు మనకు 1978 నుంచే నిబంధనలున్నాయి. అమలే అంతంతమాత్రం. అదే ఏడాది గ్యాప్, భారత్, చైనాల తోలు వాడబోనని ప్రకటించింది.

ఇంకో ముచ్చట. క్రిస్సీ తన ఊరి గురించి రాసిన పాటను, రాజకీయంగా ఆమెకు బొత్తిగా పడని రేడియో వ్యాఖ్యాత రష్ లింబా తన కార్యక్రమానికి వాడుకున్నాడు. ఆమె వద్దనలేదు. ఆ డబ్బు పెటాకి వెళ్లేలా చేసింది!

2005లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ప్రిటెండర్స్‌కు చోటు దక్కింది. 2007లో క్రిస్సీ సొంతూళ్లో పాలు, గుడ్లు కూడా వాడని రెస్టారెంట్ పెట్టింది. 2011లో అది మూతపడింది. పాట మాత్రం ఆగలేదు. 2023లో, 72వ ఏట, 'రిలెంట్‌లెస్' ఆల్బమ్ విడుదల చేసింది.

ఇంగ్లండ్‌లో వచ్చిన 'అహింసా పాల'కూ ఆమె మద్దతు పలికింది. వట్టిపోయిన ఆవునూ, పనికిరాదనుకునే కోడెదూడనూ కబేళాకు పంపకపోవడం అక్కడి నియమం. అందుకే ఆ పాలు ఖరీదు. ముసలి ఆవు మేత ఖర్చూ వాటి ధరలోనే ఉంటుంది మరి. మన ఊళ్లలో ఆ ఖర్చంతా ఒక్క రైతు నెత్తినే పడుతోంది. ఆవును తల్లి అనే మనం, ఆ భారంలో మన వాటా కింద లీటరుకు ఇంకో రెండు రూపాయలు ఇవ్వగలమా?