వాల్తేరు నత్తలు, ఒక రాయబారి

పోయిన సెలవుల్లో ఒక పొద్దున్నే మా బాబాయ్‌తో కలిసి వైజాగ్‌లో తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీదకి వెళ్ళాను. సముద్రం బాగా వెనక్కి తగ్గి ఉంది. రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచాయి. ఒక గుంటలో వేలి గోరంత జీవి ఒకటి మెల్లగా పాకుతోంది. మీద చిన్న కొమ్ముల్లాంటివి రెండు, వెనకాల పువ్వులా విచ్చుకున్న కుచ్చు. "జలగరా అది, ముట్టుకోకు" అన్నాడు బాబాయ్. ముట్టుకోలేదు గానీ ఫోటో తీశాను. హాస్టల్‌కి వచ్చాక ఆ ఫోటో పట్టుకుని వెతుకుతూ పోతే నాకు దొరికింది జలగ కాదు, ఒక బ్రిటిష్ రాయబారి కథ. మధ్యలో మన వాల్తేరు కూడా తగిలింది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ జీవి సంగతి. అది నత్త జాతే, కాకపోతే గుల్ల ఉండదు. పిల్లగా ఉన్నప్పుడు చిన్న గుల్ల ఉంటుంది, పెరిగే క్రమంలో దాన్ని వదిలేస్తుంది. ఇంగ్లీషులో సీ స్లగ్ అంటారు. వాటిలో పెద్ద గుంపు పేరు న్యూడిబ్రాంక్, అంటే మొప్పలు బయటికే ఉన్నది అని. నేను చూసిన కుచ్చు మొప్పలే. ఆ రెండు కొమ్ములు వాసన పట్టడానికి. కళ్ళున్నా అవి వెలుగు, చీకటి తెలుసుకోవడానికి మాత్రమే పనికొస్తాయి. అంటే ఒంటి మీద అన్ని రంగులున్నా తన రంగు తనకి కనపడదు! చాలా జాతుల్లో ఆ రంగులు చేపలకి హెచ్చరిక: "నేను చేదు, నన్ను తినకు" అని. కొన్నయితే ఇంకా ఘటికులు. కుట్టే గుణమున్న హైడ్రాయిడ్లని తిని, వాటి కుట్టే కణాలని అరిగించుకోకుండా తమ వీపు మీదకి చేర్చి ఆయుధంగా వాడుకుంటాయి. పక్కవాడి రికార్డు కాపీ కొట్టి మనమే మార్కులు తెచ్చుకున్నట్టు.

ఇక వాల్తేరు. 1845 నుంచి 1854 వరకు ఉత్తర సర్కారు జిల్లాలకి కమిషనర్‌గా వాల్టర్ ఎలియట్ అనే స్కాట్లాండ్ ఆయన ఉండేవాడు. ఈ పేరు మనకి తెలిసుండాలి. అమరావతి స్తూపం దగ్గర 1845లో తవ్వించి శిల్పాలని మద్రాసుకి పంపించింది ఈయనే. అవే తర్వాత లండన్ చేరి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1859లో మన మొక్కల తెలుగు పేర్లతో 'ఫ్లోరా ఆంధ్రికా' అని ఒక జాబితా కూడా అచ్చు వేశాడు. అలాంటి మనిషి వాల్తేరు రాళ్ళ మధ్య దొరికిన ఈ గుల్ల లేని నత్తలని కూడా వదల్లేదు. స్పిరిట్ సీసాల్లో వేసి, బతికుండగా గీయించిన రంగుల బొమ్మలతో సహా ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కి పంపాడు.

అక్కడ జాషువా ఆల్డర్, ఆల్బనీ హాన్‌కాక్ అనే ఇద్దరు మిత్రులు ఉండేవారు. బ్రిటన్ తీరంలోని న్యూడిబ్రాంకుల మీద 1845 నుంచి 1855 దాకా ఏడు భాగాల పుస్తకం తెచ్చినవాళ్ళు. వాల్తేరు సీసాలు, బొమ్మలు ముందు పెట్టుకుని 1864లో ఒక పెద్ద పేపర్ రాశారు. సైన్స్‌కి కొత్తవైన జాతులు అందులో చాలానే ఉన్నాయి. ఒకదాని పేరు కళింగ ఆర్నేటా. అవును, మన కళింగే! ఒళ్ళంతా ఎర్రటి బొడిపెలతో ఉండే ఈ జీవి నక్షత్ర చేపల దూరపు చుట్టాలైన బ్రిటిల్ స్టార్లని తింటుంది. ఇంకొకదాని పేరులో ఎలియట్ ఉన్నాడు. సీసాల కోసం రాళ్ళ మధ్య వంగి వెతికిన చేతుల పేర్లు మాత్రం ఆ శాస్త్రీయ నామాల్లో ఎక్కడా లేవు.

ఇక్కడ ఒక చిక్కుంది. న్యూడిబ్రాంకుకి ఎముక లేదు, గుల్ల లేదు. స్పిరిట్‌లో వెయ్యగానే ముడుచుకుపోతుంది, కొన్నాళ్ళకి రంగు పోతుంది. బతికుండగా పువ్వులా ఉన్నది సీసాలో పాత చూయింగ్ గమ్‌లా మిగులుతుంది. అదే కాలంలో సింహళంలో కెలార్ట్ అనే డాక్టరు కూడా ఇలాంటి జీవులనే చూసి, రంగులు వర్ణించి, బొమ్మలతో పేర్లు పెట్టాడు. అంటే ఒకే జీవికి సింహళంలో ఒక పేరు, వాల్తేరులో ఇంకో పేరు పడే ప్రమాదం ఉంది. మన భాషలో చెప్పాలంటే డేటాబేస్‌లో డూప్లికేట్ ఎంట్రీలు. శాస్త్రంలో రూలేమిటంటే ఒకే జీవికి రెండు పేర్లుంటే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. కానీ ఆ రెండూ ఒకటే అని తేల్చేదెవరు?

అక్కడ వస్తాడు మన అసలు కథానాయకుడు, సర్ చార్లెస్ ఎలియట్. వాల్టర్‌కీ ఈయనకీ ఇంటిపేరు స్పెల్లింగే వేరు, కంగారు పడకండి. 1862లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది జంతుశాస్త్రం కాదు, ప్రాచీన భాషలు. సంస్కృతంలో స్కాలర్‌షిప్ కూడా కొట్టాడు. తర్వాత విదేశాంగ శాఖలో చేరి రష్యా, మొరాకో, టర్కీ, అమెరికాల్లో పని చేశాడు. రష్యాలో ఉండగా 1890లో ఫిన్నిష్ భాషకి వ్యాకరణం రాశాడు. టర్కీ మీద 1900లో ఒడిస్సియస్ అనే మారుపేరుతో ఇంకో పుస్తకం వేశాడు. ఇంతవరకు నత్తల ఊసు పెద్దగా లేదు.

1899లో సమోవా దీవుల్లో గొడవలు జరిగితే బ్రిటన్, అమెరికా, జర్మనీ తలా ఒక కమిషనర్‌ని పంపాయి. బ్రిటన్ తరఫున వెళ్ళింది ఎలియట్. పగలు రాజుల పంచాయితీ, ఖాళీ దొరికితే పగడపు దిబ్బల దగ్గర నత్తల వేట. ఆ నత్తల మీద రాసిన పేపర్ ఫిలడెల్ఫియా అకాడమీ పత్రికలో వచ్చింది. అక్కడి నుంచి ఇక ఆగలేదు. తర్వాత తూర్పు ఆఫ్రికా ప్రొటెక్టరేట్‌కి, అంటే ఇప్పటి కెన్యాకి, కమిషనర్‌గా వేశారు. ఆ ఉద్యోగం చేస్తూనే తూర్పు ఆఫ్రికా, జాంజిబార్ న్యూడిబ్రాంకుల మీద 1902 నుంచి 1905 వరకు ఆరు భాగాల వ్యాసం రాశాడు. మాల్దీవుల నత్తలు, స్కాట్ నాయకత్వంలో వెళ్ళిన అంటార్కిటికా యాత్ర తెచ్చిన నత్తలు, ఎక్కడివైనా సరే, పరిశీలనకి ఈయన దగ్గరికే వచ్చేవి.

రంగు పోయి ముడుచుకున్న ముద్దలోంచి ఏం తెలుస్తుందని మీకు డౌట్ రావచ్చు. జవాబు: పళ్ళు. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో అరచేతులు బొబ్బలెక్కేలా రుద్దిన ఆకురాయి గుర్తుందా? నత్త నోట్లో సరిగ్గా అలాంటి పట్టీ ఒకటి ఉంటుంది. రాడులా అంటారు. దాని మీద వరుసలు వరుసలుగా సూక్ష్మమైన పళ్ళు. కాస్టిక్ పొటాష్‌లో వేస్తే మాంసం కరిగిపోతుంది, పళ్ళు మాత్రం మిగులుతాయి. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి ఎన్ని వరుసలు, వరుసలో మధ్య పన్ను ఉందా లేదా, ఇటు ఎన్ని, అటు ఎన్ని, ఒక్కో పన్ను ఆకారం ఏమిటి అని లెక్కపెట్టాలి. రంగు మోసం చేసినా పన్ను అంత తేలిగ్గా చెయ్యదు. ఎలియట్ చేసింది ప్రధానంగా ఈ పనే. ఓపికతో కూడిన బోరు పని. 1906లో ఆయన న్యూకాజిల్ మ్యూజియంలోని వాల్తేరు నమూనాలనీ, కెలార్ట్ బొమ్మలనీ పక్కపక్కన పెట్టి దక్షిణ భారతం, సింహళం న్యూడిబ్రాంకుల మీద పేపర్ రాశాడు. వాల్తేరు నుంచి వెళ్ళి అర్ధ శతాబ్దమైన సీసాలని మళ్ళీ తెరిచి చూసిన మనిషి ఆయన. 1910లో ఆల్డర్, హాన్‌కాక్‌ల ఏడు భాగాల పుస్తకానికి ఎనిమిదో భాగం చేర్చిందీ ఆయనే. 1916లో మన పక్కనే ఉన్న చిలికా సరస్సు నత్తల మీద కూడా రాశాడు.

ఇంతవరకు చదివితే "అబ్బ, ఎంత గొప్పోడు" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, కెన్యా దగ్గర ఆగిపోయాను. అక్కడ ఆయన విధానం ఏమిటంటే, ఎత్తు మీదున్న మంచి భూములు తెల్లవాళ్ళు వచ్చి స్థిరపడటానికే ఉన్నాయని. పశువులు మేపుకునే మసాయి ప్రజల జీవన పద్ధతి ఎంత త్వరగా పోతే అంత మంచిదని బాహాటంగానే రాశాడు. 1904లో రాజీనామా చేశాడు, అదీ మసాయిల కోసం కాదు. ఒక పెద్ద కంపెనీకి భూమి ఇమ్మన్న పైవాళ్ళే, తను ఇద్దామనుకున్న ఇద్దరు వ్యక్తులకి వద్దన్నారని. అదే ఏడాది, ఆయన దిగిపోయాక, మసాయిలని రిఫ్ట్ లోయలోని మేత భూముల నుంచి తరలించే ఒప్పందం జరిగింది.

ఇది నన్ను చాలాసేపు ఇబ్బంది పెట్టింది. అర అంగుళం నత్తకి పళ్ళెన్నో లెక్కపెట్టి, ముందు చూసినవాడు తప్పు చూశాడేమో అని రెండోసారి సరిచూసే మనిషి, వేలమంది మనుషుల విషయంలో మాత్రం ఒక్క చూపుతో తీర్పు ఇచ్చేశాడు. శ్రద్ధ అనేది ఒక చోట అలవాటైతే అన్ని చోట్లా దానంతటదే వస్తుందని నేను అనుకునేవాణ్ణి. రాదని ఈయన జీవితం చెబుతోంది. ఆయన నత్తల పని పనికిరానిదని కాదు నా ఉద్దేశం. ఆ పేపర్లు ఇప్పటికీ పనికొస్తాయి. కానీ ఆ సీసాలు, ఆ భూములు ఒకే సామ్రాజ్యం దారిలో కదిలాయి. ఒకటి మెచ్చుకుని రెండోది దాచేస్తే కథ సగమే చెప్పినట్టు.

రాజీనామా తర్వాత 1905లో షెఫీల్డ్ యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. 1912లో హాంకాంగ్ యూనివర్సిటీకీ మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. ఆ యూనివర్సిటీ మొదలైన కొత్తలో ఉన్న విభాగాల్లో మన ఇంజనీరింగ్ ఒకటి! తర్వాత మళ్ళీ దౌత్యంలోకి వచ్చి సైబీరియాలో హై కమిషనర్, ఆపైన జపాన్‌లో రాయబారి. 1921లో హిందూ, బౌద్ధ మతాల చరిత్ర మీద మూడు సంపుటాలు ప్రచురించాడు. చాలామందికి ఆయన పేరు తెలిసేది ఆ పుస్తకం వల్లే. 1926లో పదవి వదిలాక కూడా జపాన్ బౌద్ధం చదువుకుంటూ అక్కడే ఉండిపోయాడు. 1931 మార్చి 16న ఓడలో ఇంటికి తిరిగి వెళ్తూ మలక్కా జలసంధి దగ్గర చనిపోయాడు. సముద్రంలోనే ఖననం చేశారు.

మన దగ్గర "నీ బ్రాంచ్ ఏంటి, నువ్వు చేసేదేంటి" అని అడిగేవాళ్ళు చాలామంది. సివిల్ చదువుతూ కవితలు రాస్తావా, మెకానికల్‌లో ఉండి పక్షుల ఫోటోలా అని. ఎలియట్‌కి జంతుశాస్త్రంలో డిగ్రీ లేదు. అయినా ఆ పనిని టైంపాస్‌లా చెయ్యలేదు. సబ్జెక్టు తెలిసినవాళ్ళు ఆయన మాటని ఒప్పుకునే స్థాయిలో చేశాడు. పక్క దారి పట్టడం తప్పు కాదు, పక్క దారి కదా అని సగం సగం చెయ్యడమే తప్పు. ఈ ఒక్కటీ ఆయన దగ్గర తీసుకుందాం. రెండోది, ఆయన చెయ్యనిది, మనం చేద్దాం. రాళ్ళ మీద చూపించే ఓపిక మనుషుల మీద కూడా చూపిద్దాం.

ఇంతకీ నా ఫోటోలోది ఏ జాతో ఇంకా తేలలేదు. ఫోటోలో పళ్ళు కనపడవు కదా! మీరెవరైనా వైజాగ్ వెళ్తే, నీళ్ళు తగ్గిన టైం చూసుకుని రాళ్ళ దగ్గరికి వెళ్ళండి. పీకకండి, సీసాలో వెయ్యకండి. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తియ్యండి, తేదీ, చోటు రాసుకోండి. అక్కడ వలలు బాగుచేసుకునే వాళ్ళుంటే దాన్ని ఏమంటారో అడగండి. వాల్టర్ ఎలియట్ మొక్కల తెలుగు పేర్లు రాసుకున్నాడు గానీ, ఈ నత్తలని మనవాళ్ళు ఏమని పిలుస్తారో నాకు ఏ పేపర్లోనూ దొరకలేదు. మీకు దొరికితే, పేరుతో పాటు అది చెప్పినవాళ్ళ పేరు కూడా రాసి పంపండి.